ఒక కణుపు ఎక్కువ

పోయిన వారం యీ శీర్షికలో పాత గొడుగుల మరమ్మతు గురించి నాలుగు మాటలు రాశాను. దానికి కొత్తపేట నుంచి ఒక సోదరి ఉత్తరం రాస్తూ చివర ఒక ప్రశ్న వేశారు. "ఇంట్లో పెద్దవాళ్లు ప్రాణంగా చూసుకునే వస్తువు పిల్లవాడి చేతిలో విరిగిందనుకోండి. ముందు వస్తువును బాగు చేయించాలా, పిల్లవాణ్ణి బాగు చెయ్యాలా?" అని.

చూడబోతే చిన్న ప్రశ్నే. కాని యీ వేసవిలో మా యింట సరిగ్గా అదే ముచ్చట జరిగింది. అందుచేత సలహా చెప్పడం మాని జరిగింది జరిగినట్టు రాస్తాను. సలహా మీరే ఏరుకోండి.

మా మామగారిది రాజోలు ప్రాంతం. బడిపంతులుగా పనిచేసి విరమించారు. ఇల్లు కాలవ గట్టు మీద. వీధి గుమ్మం దిగి పది అడుగులు వేస్తే రేవు. ఆయనకు పొగాకు అలవాటు లేదు, పేకాట లేదు, ఒకరి సంగతి ఒకరికి మోసే అలవాటు అసలే లేదు. వున్న వ్యసనమల్లా గాలం ఒక్కటే. సాయంత్రం నాలుగయ్యేసరికి వెదురు గాలపు కర్ర భుజాన వేసుకుని, కొబ్బరి చిప్పలో తడి మట్టీ నాలుగు ఎర్రలూ వేసుకుని, రేవు పక్కన కొబ్బరి మొద్దు మీద కూర్చుంటారు. బెండు నీటి మీద నిలబడితే ఆయన కూడా నిలబడిపోయినట్టే. పిలిచినా పలకరు.

ఆ కర్ర వయస్సు మా ఆవిడ వయస్సుకు కాస్త తక్కువ. 1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడాది చేయించుకున్నారట. పన్నెండు అడుగుల పొడుగు, మొదట్లో గుప్పిటకు నిండుగా వుండి, కొసకు వెళ్లేసరికి పెన్సిలంత సన్నం. కణుపు కణుపుకీ కింద ఎర్ర పట్టుదారం కట్టు, దాని మీద లక్క పూత. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫానులో వాళ్ల యింటి పెంకులు ఎగిరిపోయాయి, దొడ్లో కొబ్బరిచెట్లు వరసగా కూలాయి. దూలానికి వేలాడదీసిన యీ కర్రకు మాత్రం ఏమీ కాలేదు. "దాని ఆయుస్సు గట్టిదిరా" అంటూ వుండేవారు మామగారు.

ఆ ఆయుస్సు వెనక మా అత్తగారి చెయ్యి వుందని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. అత్తగారు పోయి మూడేళ్లయింది.

గాలం వేసేవాళ్లను చూసి "ఇవ్వాళ పులస పడిందా మేష్టారూ?" అని దారినపోయే కుర్రాళ్లు ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి వూరుకుంటారు. పులస గాలానికి పడే చేప కాదు. వరదల రోజుల్లో సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కి వచ్చేటప్పుడు వలకు పడవలసిందే. నీటిలోని నలుసులాంటి జీవాలను వడపోసుకు తినే ఆ దొరసానికి మన వానపాము మీద మోజు లేదు. మామగారి గాలానికి పడేవి పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు. అదృష్టం బాగుంటే ఒక కొర్రమీను. రోజుకు రెండు చేపలు దొరికితే సంతోషమే, దొరక్కపోతే అంతకన్నా సంతోషం. "రేపటికి వున్నాయన్నమాట" అని లేచి వచ్చేస్తారు.

యీ ఏడు వేసవి సెలవులకు మా అబ్బాయిని తీసుకుని వెళ్లాం. పన్నెండేళ్లవాడు. కాలవలు కట్టెయ్యడానికి ఇంకా వారం రోజులుందనగా, మామగారు మధ్యాహ్నం కునుకు తీస్తున్న వేళ చూసి, వీడు కర్ర దించుకుని ఒంటరిగా రేవుకు వెళ్లాడు. గాలపు ముల్లు గుర్రపుడెక్క వేళ్లకు తగులుకుంది. చేప అనుకున్నాడు. రెండు చేతులా కర్రను నిట్టనిలువుగా పైకి ఎత్తి గుంజాడు. కొసకు నాలుగడుగుల కింద ఫట్టుమంది.

చేసిన పని కన్నా చేసిన తర్వాత చేసిన పని ఘోరం. విరిగిన చోట సైకిలు ట్యూబు ముక్క చుట్టి, ఎప్పటిలాగే దూలానికి కట్టేసి, చేతులు కడుక్కుని లెక్కలు చేసుకుంటూ కూర్చున్నాడు. సెలవుల్లో వాడు తనంతట తాను లెక్కలు చేస్తున్నప్పుడే మాకు అనుమానం రావలసింది.

నాలుగు గంటలకు మామగారు కర్ర దించారు. కొస వాలిపోయింది. ట్యూబు విప్పి చూశారు. వాడి వంక చూశారు, నా వంక చూశారు. ఒక్క మాట అనలేదు. రెండు ముక్కలూ కలిపి తువ్వాలుతో కట్టి, వరండా మూలన పెట్టి, మంచం మీద పడుకున్నారు. ఆ సాయంత్రం రేవుకు వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు.

కోపం వచ్చి రెండు దెబ్బలు వేసినా బాగుండేది. ఆ మౌనానికి పిల్లవాడి తిండి తగ్గిపోయింది. మా ఆవిడ నన్ను చూసి, "ఏదో ఒకటి చెయ్యరాదూ?" అంది. హైదరాబాదులో వున్న మా బావమరిదికి ఫోను చేస్తే మూడో రోజుకల్లా పార్సెల్లో నల్లటి కార్బన్ కర్ర ఒకటి దిగింది. తేలిక, నునుపు, మూడు ముక్కలుగా విడిపోతుంది, చక్రం కూడా వుంది. మామగారు దాన్ని అటూ ఇటూ వూపి చూసి, "చాలా బాగుంది" అని మెచ్చుకుని, మనవడి చేతిలో పెట్టారు. "నువ్వు వుంచుకో నాన్నా." అంతే. మళ్లీ మంచం.

అప్పుడు నాకు బోధపడింది. యీ కర్రనే నిలబెట్టాలి.

ఎవరు బాగు చేస్తారని వాకబు చేస్తే, పూర్వం యీ చుట్టుపట్ల గాలపు కర్రలు చేసిన పెద్దాయన ఒకాయన గన్నవరం అవతల గోదావరి గట్టు కింద వున్నాడని తెలిసింది. తెల్లవారి నేనూ అబ్బాయీ రెండు ముక్కలూ పట్టుకుని బయలుదేరాం. దారిలో వాడికి వైనతేయ మీద అక్విడక్టు చూపించాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ నీళ్లను యీ గోదావరి పాయ మీదుగా దాటించి అవతలి లంకకు పారించాలని కాటన్ దొర హయాములోనే యీ నీటివంతెన తలపెట్టారు. పాతదాని పక్కన 2000 సంవత్సరంలో కొత్తది కట్టి, అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. "తాతయ్య రేవులో నీళ్లు యీ వంతెన ఎక్కే వస్తాయిరా" అంటే వాడు తల వూపాడు గాని, వాడి కళ్లు విరిగిన కర్ర మీదనే వున్నాయి.

పెద్దాయన ఇంటి ముందు చాప మీద కూర్చుని తట్ట అల్లుకుంటున్నాడు. ఎనభై దాటి వుంటాయి. ఒక కంటికి శుక్లాల ఆపరేషను అయింది, రెండోది కావాలి. చేతులు సన్నగా వణుకుతున్నాయి. ముక్కలు అందుకుని ముందు వాసన చూశాడు. తర్వాత వేళ్లతో పట్టుదారం కట్లు ఒక్కొక్కటీ తడుముకుంటూ వెళ్లి, "ఇది రాజోలు మేష్టారిది కదూ బాబూ?" అన్నాడు.

"అవును. ఎలా పోల్చావు?"

"నా కట్టు నేనెరగనా? అమ్మగారు బాగున్నారా?"

పోయారని చెప్పాను. కాస్సేపు మాట్లాడలేదు. తర్వాత విరిగిన చోట వున్న దారం కట్టును గోటితో గీకాడు. దారం పొడిపొడిగా రాలింది. దాని కింద వెదురు నల్లగా, మెత్తగా, తడిసిన అట్టలా వుంది. గోరు దిగబడింది.

"ఎవరు విరిచారు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా మా వాడు, "నేనే తాతా" అన్నాడు. నాలుగు రోజుల తర్వాత వాడు ఆ మాట అనడం అదే మొదలు.

"నువ్వు విరిచేదేముంది? ఇది ఎప్పుడో విరిగింది, నీ చేతిలో చప్పుడు చేసింది. అదుగో, చూడు. లక్క లేచిపోయి నీళ్లు కట్టు కిందికి దిగాయి. దారం తడి పట్టుకుంటే ఆరదు. లోపల కుళ్లు పట్టడం ఒక్క రోజు పని కాదు. రెండు మూడు వర్షాకాలాలు చూసి వుంటుంది. అమ్మగారు ఏటేటా దీపావళి ముందు నన్ను లక్క అడిగి పట్టుకెళ్లేవారు. మూడేళ్లనుంచి రాలేదు. వూళ్లో లేరేమోననుకున్నాను."

నాకు గొంతు పట్టేసింది. చేపలు కడిగి, వండి, వాసన పోయేదాకా చేతులు తోముకుంటూ "యీ గాలం ఎప్పుడు గోదాట్లో కలుస్తుందో" అని రోజూ విసుక్కునేది ఆవిడే. ఏటా ఒక పూట కూర్చుని కర్రకు నూనె రాసి, ప్రతి కట్టు మీదా లక్క పూసిందీ ఆవిడే. మామగారికి యీ సంగతి తెలుసో తెలియదో కూడా మేమెరగం.

"నిలబడుతుందా?" అన్నాను.

"నిలబడుతుంది. నాలుగు రోజులు పడుతుంది. నా చేతులు యీ మధ్య మాట వినడం లేదు. కుర్రాణ్ణి పంపండి."

అలా మా అబ్బాయి నాలుగు రోజులు వెదురు బడికి వెళ్లాడు. నేనూ పక్కన కూర్చున్నాను. అక్కడ విన్నదీ చూసిందీ మీకు పనికివస్తుందని రాస్తున్నాను. చేపలు తినని ఇళ్లవారు కూడా వదిలెయ్యకండి. చేతికర్రకూ, దోమతెర కర్రకూ, జెండా కర్రకూ వైద్యం ఇదే.

ముందు వెదురు సంగతి. వెదురు మొలక ఎంత ఎత్తు పెరగాలో అంతా ఒక్క కారులోనే పెరిగేస్తుంది. ఆ తర్వాత పొడుగూ లావూ పెరగదు, గట్టిపడుతుంది. అంచేత లేతది నరికితే ఎండినాక ముడుచుకుపోతుంది. మూడేళ్లు దాటినది కావాలి. పచ్చదనం మళ్లి పసుపు తిరిగి, మీద తెల్లటి బూడిద పోయి, వేలితో కొడితే కణకణమనాలి. పెరటి వెదురు లావు, లోపల బోలు. నిచ్చెనకూ పందిరికీ మంచిది. గాలపు కర్రకు కొండ వెదురు మేలు. మెట్ట కొండల మీద నీరు తక్కువ నేలలో పెరిగినది లోపల దాదాపు గట్టిగానే వుంటుంది. పూర్వం ఏజెన్సీ వెదురు తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించే రోజుల్లో పెద్దాయన అక్కడికి వెళ్లి ఏరుకుని తెచ్చుకునేవాడట.

నరకడానికి వర్షాలు వెళ్లిన తర్వాత శీతకాలం మంచిది. చిగురు వేసే రోజుల్లో నరికిన వెదురులో పిండి పదార్థం ఎక్కువ, దానికే పురుగు చేరేది. నరికాక కొన్ని వారాలు పారే నీటిలో నానవేస్తే ఆ తీపి కరిగిపోతుంది. తర్వాత నీడన ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగుళ్లు తీస్తుంది. ఆరాక వంకర తియ్యడానికి నిప్పుల మీద సెగ చూపించాలి. మీద నూనెలా చెమట పట్టగానే వెదురు మైనంలా మాట వింటుంది. అప్పుడు మోకాలి మీద సరిచేసి చల్లారేదాకా పట్టుకుని, తడిగుడ్డతో తుడిస్తే అలాగే నిలిచిపోతుంది. పైతోలు మాత్రం చెక్కగూడదు. వెదురుకు బలమిచ్చే నార తోలు దగ్గరే దట్టంగా వుంటుంది, లోపలికి వెళ్లేకొద్దీ పలచన. నునుపు కోసం తోలు చెక్కినవాడు బలాన్ని చెక్కేసినట్టే.

మన వెదురు గొప్పదనం లోకం ఎరగనిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా దేశాల్లో గాలపు కర్రలు చేసేవారు కలకత్తా రేవు నుంచి ఎగుమతి అయిన వెదురునే వాడేవారు. దానికి కలకత్తా వెదురనే పేరు. దాన్ని సన్నని దబ్బలుగా చీల్చి, ఆరింటిని కలిపి అతికి, ఆరు పలకల కర్ర చెయ్యడం అక్కడి పద్ధతి. అమెరికాలో హైరమ్ లెనార్డ్ అనే ఆయన 1870ల నుంచి దీనికి పేరుమోశాడు. తర్వాత చైనా నుంచి టాంకిన్ వెదురు వచ్చి కలకత్తా వెదురును వెనక్కి నెట్టింది. 1950లో అమెరికా చైనా సరుకును ఆపెయ్యడంతో ఆ వెదురూ దొరక్కపోయింది. అప్పటికే గాజునార కర్రలు అంగళ్లకు వచ్చాయి. 1970లలో కార్బన్ కర్రలు బయలుదేరాయి. ఆ దొరల గాలాల సరదా మన రాష్ట్రానికీ వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే ఆయన హిందూదేశంలో గాలం వెయ్యడం గురించి పెద్ద పుస్తకమే రాసి 1873లో మంగుళూరులో అచ్చువేయించాడు. జపానువారు మాత్రం వెదురును విడిచిపెట్టలేదు. టోక్యో ప్రాంతపు వెదురు గాలపు కర్రలకు 1991లో అక్కడి ప్రభుత్వం సంప్రదాయ కళగా గుర్తింపు ఇచ్చింది. మన పెద్దాయనకు మాత్రం అటువంటి గుర్తింపు మామగారి వంటి పదిమంది చేతుల్లోనే వుంది.

ఇక మరమ్మతు. విరిగిన చోట ముందుగా కుళ్లు ఎంతవరకు పోయిందో చూసి, తెల్లటి గట్టి వెదురు కనిపించేదాకా రెండు వైపులా కోసెయ్యాలి. మొహమాటపడి నల్లటిది ఏమాత్రం మిగిల్చినా అతుకు నిలవదు. మా కర్రలో జానెడు పోయింది. మా వాడు ఆ ముక్కను పారెయ్యనివ్వలేదు, జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత వాలు కోత. రెండు ముక్కల చివళ్లనూ ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టినట్టు కలపాలి. ఎదురెదురుగా మొద్దుగా అతికితే ఎంత జిగురు పెట్టినా ఆగదు. కర్ర ఎంత లావుంటే దానికి పదింతల పొడుగు వాలు వుండాలి. చిటికెన వేలంత కర్రకు అరచేయంత వాలన్నమాట. రెండు ముఖాలనూ కలిపి వెలుతురుకు పట్టి చూస్తే సందు కనపడకూడదు. మా వాడికి యీ ఒక్క పనికే ఒక రోజంతా పట్టింది. మూడుసార్లు వెలుతురు కనిపించింది, మూడుసార్లూ పెద్దాయన మాట్లాడకుండా కర్ర తిరిగి వాడి చేతికిచ్చాడు.

లోపల బోలుగా వున్న బొంగయితే వాలు కోత పనికిరాదు. గట్టి వెదురు ముక్కను బోలులోకి బిగుతుగా సరిపోయేలా చెక్కి, అటు నాలుగు వేళ్లూ ఇటు నాలుగు వేళ్లూ లోపలికి దిగేటట్టు జిగురుతో దించి, పైన దారం చుట్టాలి.

జిగురు దగ్గర నాకు నవ్వు వచ్చింది. పెద్దాయన చూరులోంచి ఏ చెట్టు బంకో తీస్తాడనుకున్నాను. రేకు డబ్బా తీసి, అందులోంచి బజార్లో దొరికే రెండు గొట్టాల జిగురు తీశాడు. "పూర్వం సరేసు కాచేవాళ్లం బాబూ. నీళ్లు తగిలితే వూడిపోయేది. దీనికి ఆ బాధ లేదు. మంచిది వచ్చినప్పుడు పాతది పట్టుకు వేళ్లాడ్డం దేనికి?" అన్నాడు. రెండూ సమపాళ్లు కలిపి, రెండు ముఖాలకూ పలచగా పూసి, పైన సైకిలు ట్యూబును సన్నగా కోసిన పట్టీ లాగి చుట్టాలి. ఒక పగలూ ఒక రాత్రీ కదపకూడదు. మా వాడు విరిచిన రోజున చుట్టిన ట్యూబు ముక్క కూడా జేబులోనే వుంది. దాన్నే తీసి ఇచ్చాడు. పెద్దాయన దాన్నే కోసి చుట్టాడు.

మర్నాడు దారం కట్టు. ఇక్కడే పెద్దాయన చేతులు నిలవలేదు. కర్రను ఆయన తిప్పుతుంటే దారం అబ్బాయి పట్టుకున్నాడు. దారం మొదటి కొసను కర్ర మీద పడుకోబెట్టి, దాని మీంచే చుట్టలు వేసుకుంటూ పోవాలి. చుట్ట పక్కన చుట్ట, సందు వుండకూడదు, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇంకా పది చుట్టలున్నాయనగా మరో దారాన్ని మడిచి ఉచ్చులా పెట్టి, దాని మీంచి చుట్టలు ముగించి, చివరి కొసను ఆ ఉచ్చులో దూర్చి ఉచ్చును లాగేస్తే కొస చుట్టల కిందికి పోతుంది. ఎక్కడా ముడి వుండదు. ముడి వుంటే వేలికి తగులుతుంది, తంగూసుకు తగులుకుంటుంది, నీటికి దారి ఇస్తుంది. ఆ పైన పూత పలచగా మూడుసార్లు, ఒక్కొక్కటీ పూర్తిగా ఆరిన తర్వాత రెండోది. లక్క అయినా సరే, మంచి వార్నిష్ అయినా సరే. కట్టు మొదటా చివరా పూత వెదురు మీదికి కొంచెం పాకాలి. నీరు దిగేది ఆ అంచుల్లోంచే.

అంగట్లో కొన్న కార్బన్ కర్ర వున్నవారికి కూడా రెండు మాటలు. అది వంగి విరిగేది తక్కువ, దెబ్బ తగిలి విరిగేది ఎక్కువ. బండి తలుపులో పడో, సీసపు గుండు తగిలో కంటికి కనపడని నొక్కు పడితే, ఎన్నాళ్లకో ఒకనాడు అక్కడే ఫట్టుమంటుంది. విరిగితే పారెయ్యకండి. మరో పాత కర్ర ముక్కను లోపలికి బిగుతుగా దిగేటట్టు గరుకు కాగితంతో రుద్ది, అదే రెండు గొట్టాల జిగురుతో దించి, పైన దారం చుట్టవచ్చు. తంగూసు తరుచుగా తెగుతున్నదంటే ముందు తంగూసును తిట్టకండి. కొస ఉంగరంలో కాస్త దూది తిప్పి చూడండి. పీచు తగులుకున్నదంటే ఉంగరానికి పగులున్నట్టే. మరొక్కటి, ఇది నవ్వులాట కాదు: కార్బన్‌లో కరెంటు పారుతుంది. మన కాలవ గట్ల మీద కరెంటు తీగలు చాలాచోట్ల కిందికి వేళ్లాడుతుంటాయి. తీగల కింద ఆ కర్ర ఎత్తకండి, పిల్లల్ని ఎత్తనివ్వకండి. తడిసిన వెదురుకూ ఆ జాగ్రత్త తప్పదు. ఉరుములు వినపడితే లేచి ఇంటికి రావలసిందే.

గాలం దేనికైనా తగులుకున్నప్పుడు కర్రను పైకి ఎత్తకూడదు. కొసను నీటివైపు వాల్చి, తంగూసును చేతికి గుడ్డ చుట్టుకుని తిన్నగా లాగాలి. తెగితే అణా పైసల ముల్లే పోతుంది. ఇల్లు చేరాక కర్రను పొడిగుడ్డతో తుడిచి, కొస దగ్గర కట్టి నిలువుగా వేలాడదియ్యాలి. మూలకు చేరవేస్తే కొన్నాళ్లకు అదే వంకర నిలిచిపోతుంది. ఏడాదికొకసారి కట్లన్నీ చూసి లక్క తిరగవెయ్యాలి. యీ పని మా అత్తగారి దగ్గర నేర్చుకోవలసింది, పోయాక నేర్చుకున్నాం.

చివరి రోజున పెద్దాయన అబ్బాయితో అన్నమాట కూడా రాయాలి. "వానలు పడ్డాక నీటి మీద ఎర్రగా, చిన్న చిన్న చేపపిల్లల తెట్టు కదులుతూ కనపడుతుంది. అది కొర్రమీను పిల్లలు. తల్లీ తండ్రీ కిందే కాపలా వుంటాయి. అప్పుడు గాలం వేస్తే మీద పడి కరుస్తాయి, ఆకలికి కాదు, కోపానికి. ఆ ఒక్క చోటా వెయ్యకు. వాటిని తీసేస్తే ఆ పిల్లలన్నిటినీ పక్క చేప తినేస్తుంది." కూలి ఎంతని అడిగితే, జిగురుకూ దారానికీ అయిన డబ్బులు మాత్రం పుచ్చుకున్నాడు. "దీపావళి ముందు లక్క పట్టుకెళ్లడానికి కుర్రాణ్ణి పంపండి" అన్నాడు.

జూన్‌లో కాలవకు నీళ్లు వదిలారు. మొదటి రోజు నీరు ఎర్రగా, చెత్తా కొబ్బరి డొక్కలూ తోసుకుంటూ వచ్చింది. రెండు రోజులకు తేరింది. ఆ సాయంత్రం మా వాడు కర్ర తీసుకెళ్లి తాతయ్య మంచం పక్కన నిలబడ్డాడు. చెప్పవలసిందంతా చెప్పాడు: అడక్కుండా తీసిందీ, విరిచిందీ, ట్యూబు చుట్టి దాచిందీ. తర్వాత పెద్దాయన చెప్పింది కూడా చెప్పాడు, కట్టు కింద కుళ్లు సంగతీ, అమ్మమ్మ లక్క సంగతీ. ఆ రెండో మాటలు చెప్పమని మేమెవ్వరం వాడికి చెప్పలేదు. నిజానికి చెప్పవద్దనే అనుకున్నాం.

మామగారు లేచి కూర్చున్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు. కర్ర అందుకుని, మొదటి నుంచి కొసదాకా కట్లన్నీ వేలితో తడుముకుంటూ వచ్చి, కొత్త ఎర్ర దారం దగ్గర ఆగారు. అక్కడ కాస్త ఉబ్బెత్తుగా వుంది. జానెడు కురచ కూడా అయింది.

"దీపావళి ముందు ఒకరోజు నన్ను బజారుకు పంపేసేది" అన్నారు నెమ్మదిగా. "ఎందుకో ఇన్నాళ్లూ తెలియలేదు."

ఎవరం మాట్లాడలేదు. ఆయన కర్రను ఒకసారి గాలిలో వూపి చూసుకున్నారు. అతుకు దగ్గర మునుపటిలా వంగడం లేదు, కొంచెం బిరుసుగా వుంది. ఆయనకు తెలిసిపోయింది. మనవడి ముఖం కూడా ఆయనకు కనిపిస్తూనే వుంది.

"బాగానే వుందిరా. ఒక కణుపు ఎక్కువయింది, అంతే" అన్నారు. "ఎర్రలు తవ్వావా?"

వాడు కొబ్బరి చిప్ప తేవడానికి దొడ్లోకి పరిగెత్తాడు. ఇద్దరూ రేవుకు వెళ్లారు, ఒకరి భుజాన వెదురు కర్ర, ఒకరి భుజాన నల్ల కర్ర. చీకటి పడ్డాక వచ్చారు. చేపలేమీ పడలేదు. మామగారు మాత్రం చాలా రోజుల తర్వాత అన్నం రెండోసారి వడ్డించమన్నారు.

సోదరీ, మీ ప్రశ్నకు జవాబు ఇందులో ఎక్కడో వుండి వుంటుంది. నాకు తోచిందల్లా ఒకటే. రెండు బాగుచేతలూ వేరువేరుగా పెట్టుకోకండి. విరిచిన చేతులతోనే అతికించేటట్టు చూడండి. ఈలోగా మీ యింట్లో ఏటా ఎవరు దేనికి లక్క పూస్తున్నారో ఒకసారి కనుక్కోండి. వారు వుండగానే.

వచ్చే వారం, నులక మంచం తిరిగి అల్లుకోవడం ఎలాగో చూద్దాం.